సెలవుల అన్నయ్య



ఏప్రిల్ 23 సాయంత్రం మీ అమ్మాయో అబ్బాయో బడి బ్యాగును ఒక మూలన పడేస్తారు. దాని దుమ్ము దులిపేది మళ్లీ జూన్ 12నే. ఈ మధ్య ఏళ్లలో మన రాష్ట్రంలో వేసవి సెలవులు ఇలాగే 49 రోజులు వస్తున్నాయి. మొదటి మూడు రోజులు ఇల్లంతా పండగే. నాలుగో రోజు పొద్దున పదకొండింటికి, బయట ఎండ మాడ్చేస్తున్నప్పుడు, ఏమీ తోచట్లేదన్న మాట మొదలవుతుంది. వారం తిరిగేసరికి ఆ మాట కూడా వినిపించదు. అప్పటికి మీ సెల్లు వాళ్ల చేతికి వెళ్లిపోయి ఉంటుంది.

హసన్‌పర్తిలో ఉండే మనకు ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. మనలో చాలామందిమి పిల్లల చదువు కోసం కమలాపూర్ నుంచో, ఎల్కతుర్తి నుంచో, పరకాల నుంచో వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్నవాళ్లం. ఊళ్లో అయితే తాత ఉండేవాడు, బాయి కాడ చెట్టు ఉండేది, పిలిస్తే పలికే పదిమంది పిల్లలు ఉండేవాళ్లు. ఇక్కడ రెండు గదులు, ఒక బాల్కనీ, కింద పార్కింగ్ స్థలం. చెరువు కట్ట దాకా నడిపించుకు వెళ్దామన్నా, ఎర్రగట్టు గుట్ట ఎక్కిద్దామన్నా పొద్దున ఎనిమిదిలోపు వెళ్లి రావాలి, లేదా సాయంత్రం ఆరు దాటాలి. మధ్యలో పది గంటలు మిగులుతాయి.

పిల్లల ఖాళీ గంటలను ఏం చేయాలన్నదే తన జీవితపు పనిగా పెట్టుకున్న పెద్దాయన ఒకరు మన భాషలోనే ఉన్నారు. మీ ఇంట్లో అరవై దాటిన వాళ్లుంటే రేడియో అన్నయ్య ఎవరని ఒకసారి అడిగి చూడండి. ఆయన అసలు పేరు న్యాయపతి రాఘవరావు. పుట్టింది 1905 ఏప్రిల్ 13న, బరంపురంలో. ఇప్పుడది ఒడిశాలో ఉంది, అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది.

ఆయన పేరు తెలుగువాళ్లకు తెలిసింది మాత్రం మద్రాసు నుంచి. 1930లలో మద్రాసులో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉండేవి. ఉద్యోగాలకని, కోర్టు పనులకని, సినిమాలకని, పిల్లల చదువులకని వచ్చి జార్జిటౌన్‌లోనూ మైలాపూరులోనూ అద్దె ఇళ్లలో సర్దుకున్నవాళ్లు. వాళ్ల పిల్లలకు వీధిలో వినిపించేది ఒక భాష, బళ్లో ఇంకో భాష, ఇంట్లో తెలుగు. అమ్మమ్మలు, నానమ్మలు ఎక్కడో కోస్తా ఊళ్లలో ఉండిపోయారు. ఊరు వదిలి చదువు కోసం వచ్చిన మన ఇళ్ల పరిస్థితికీ దీనికీ పెద్ద తేడా లేదు.

మద్రాసుకు రేడియో ముందే వచ్చింది. 1930 నుంచే కార్పొరేషన్ వాళ్లు సొంతంగా ప్రసారాలు నడుపుతూ, బీచ్‌లోనూ పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు పెట్టి జనానికి పాటలు వినిపించేవాళ్లు. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది. పెద్దలకు సంగీతం, వార్తలు, ప్రసంగాలు సరే, మరి పిల్లలకు ఏం పెట్టాలి? ఆ బాధ్యత తీసుకున్నవాళ్లు రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి. శ్రోతలకు ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య. భార్యాభర్తలను అన్నయ్యా అక్కయ్యా అని పిలవడం వరుసకు ఎలా కుదురుతుందని మీ పిల్లలు అడుగుతారు. అప్పటి పిల్లలెవరికీ ఆ సందేహం వచ్చినట్టు లేదు. మాస్టారు, టీచరమ్మ అని పిలిపించుకోకుండా ఇంటి పెద్దపిల్లల వరుస ఎంచుకోవడంలో వాళ్ల పద్ధతి సగం తెలిసిపోతుంది.

పిల్లల కార్యక్రమం అనగానే ఒక పెద్దమనిషి మైకు ముందు కూర్చుని నీతికథ చెప్పడం చాలా తేలిక. రాఘవరావు గారు మైకు ముందుకు పిల్లలనే తెచ్చారు. పాట, నాటిక, కథ, పొడుపుకథ అన్నిట్లోనూ పిల్లల గొంతులే వినిపించాయి. ఇందులో ఎంత పని ఉందో ఒక్క క్షణం ఆలోచించండి. అప్పటికి టేపు రికార్డర్లు లేవు. ప్రసారాలు చాలావరకు అప్పటికప్పుడు నేరుగా వెళ్లేవి. ఎనిమిదేళ్ల పిల్ల మధ్యలో మాట మర్చిపోతే, తుమ్మితే, నవ్వేస్తే ఊరూరా వినిపించేస్తుంది. అంతమందిని కూడగట్టి, పాఠం అప్పజెప్పినట్టు కాకుండా మాట్లాడేలా తయారు చేసి, భయం పోగొట్టి, గడియారం ముల్లు చూస్తూ నడిపించాలి. తనే మాట్లాడేస్తే ఈ శ్రమ ఏదీ ఉండేది కాదు. ఇంట్లో మనం పిల్లలతో కలిసి దోశ పోయించే రోజుకీ, వాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టి మనమే పోసేసే రోజుకీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. వాళ్లతో చేయిస్తే రెట్టింపు సమయం పడుతుంది, పిండి నేల మీద పడుతుంది.

వారంలో కొద్దిసేపు వచ్చే రేడియో కార్యక్రమం పిల్లలకు ఏ మూలకూ చాలలేదు. మిగతా రోజుల కోసం 1940 ప్రాంతంలో బాలానంద సంఘం పుట్టింది. పిల్లలు ఒకచోట చేరి ఆడుకోవడం, పాడుకోవడం, నాటకం వేసుకోవడం, అంతే దాని పని. దాన్ని చూసి తర్వాత చాలా తెలుగు ఊళ్లలో బాలానంద సంఘాలు వెలిశాయి. యుద్ధం రోజులవి. 1942లో జపాన్ దాడి భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. జనం పెట్టే బేడా సర్దుకుని ఊళ్లకు పోయారు, పరిస్థితి కుదుటపడ్డాక తిరిగి వచ్చారు. అలాంటి కాలంలో పిల్లల ఆటపాటల కోసం ఒక సంఘం నడపడం చాలామందికి పనికిమాలిన పనిగా కనిపించి ఉంటుంది.

1945 ఆగస్టులో, సరిగ్గా ఆ యుద్ధం ముగిసిన నెలలో, దంపతులిద్దరూ బాల అనే మాసపత్రిక మొదలుపెట్టారు. మీలో చాలామంది చిన్నప్పుడు చదివిన చందమామ ఇంకా రాలేదు, అది 1947 జూలైలో వచ్చింది. చందమామ గొప్ప పత్రికే, అందులో మాటే లేదు. కానీ అది పెద్దలు రాస్తే పిల్లలు చదివే పత్రిక. బాల, పిల్లలు రాసినవి కూడా అచ్చు వేసింది. నా మట్టుకు నాకు ఈ విషయంలో బాల వైపే మొగ్గు ఎక్కువ.

ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. ధవళేశ్వరంలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి అతన్ని తీసుకుని మద్రాసు చేరింది. ఇబ్బందుల్లో ఉన్న ఇల్లు. ఆ పిల్లవాడు 1945లో, పద్నాలుగేళ్ల వయసులో, బాలకు ఒక కథ పంపాడు. కథ పేరు అమ్మ మాట వినకపోతే. పత్రిక దాన్ని అచ్చు వేసింది. అతనే ముళ్లపూడి వెంకటరమణ, తర్వాత బుడుగును రాసిన ఆయన. అదే బళ్లో చదువుతూ బొమ్మలు గీసుకునే ఇంకో కుర్రాడు కూడా చిన్నతనంలో బాలకు బొమ్మలు వేశాడు. అతన్ని మనం బాపు అంటాం. పత్రికలో చోటు దొరికిన పిల్లలందరూ బాపు రమణలు కాలేదనుకోండి. ఎక్కువమంది గుమస్తాలో, డాక్టర్లో, గృహిణులో అయి ఉంటారు. తన పేరు అచ్చులో చూసుకున్న ఆ నెల మాత్రం వాళ్లకూ అంతే గుర్తుండి ఉంటుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ ఏడాదే దంపతులు హైదరాబాద్ వచ్చేశారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. పదహారు పదిహేడేళ్లుగా కూడగట్టుకున్న పిల్లలూ, తల్లిదండ్రులూ, స్నేహితులూ మద్రాసులో ఉండిపోయారు. ఇక్కడ మళ్లీ ఒక్కొక్క పిల్లనూ పోగేసుకోవాలి. బాల పత్రిక 1959లో ఆగిపోయింది. పద్నాలుగేళ్లు నడిచిన పత్రిక ఆగిపోవడం చిన్న దెబ్బ కాదు. రేడియో, సంఘం నిలబడ్డాయి. నారాయణగూడలో బాలానంద సంఘం స్థిరపడింది, హైదరాబాద్ పిల్లల తరాలు అక్కడ ఆడి పాడి పెరిగాయి. హైదరాబాద్ కేంద్రం మాట మన వరంగల్ వైపు కూడా వినిపించేది. అప్పట్లో రేడియో ఉన్న ఇల్లు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బు కట్టాలి. సెట్టు ఉన్న ఇంటి అరుగు మీద, లేని ఇళ్ల పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. ఇది మీ అమ్మానాన్నలు మీకు చెప్పే ఉంటారు.

కామేశ్వరి గారు 1980లో పోయారు. రాఘవరావు గారు 1984 ఫిబ్రవరి 24న. టీవీలు ఒక్కొక్క ఇంట్లోకే అడుగు పెడుతున్న రోజులవి. తర్వాతి కాలంలో హైదరాబాద్ కేంద్రంలో పిల్లల కార్యక్రమాలు చూసిన తురగా జానకీరాణి గారినీ పిల్లలు రేడియో అక్కయ్య అనే పిలిచారు. మనిషి మారినా వరుస మారలేదు.

ఆయన పనికి ఒక హద్దు ఉండేది. స్టూడియో ఎగ్మూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే, మైకు దాకా వెళ్లగలిగింది ఆ పట్నం పిల్లలే. హసన్‌పర్తి పిల్లలు వినగలిగారు, మాట్లాడలేకపోయారు. ఇప్పుడా హద్దు లేదు. ఏ సెల్లు కోసమైతే మీరు రోజూ పిల్లలతో పోట్లాడుతున్నారో అందులోనే ఒక మైకు ఉంది.

కాబట్టి ఈ సెలవుల్లో మీ ఇంట్లో, లేదా మీ అపార్ట్‌మెంట్‌లో, ఒక రేడియో పెట్టించండి. నలుగురైదుగురు పిల్లలు చాలు. వారానికి ఒక్క కార్యక్రమం, పదిహేను నిమిషాలు. ఒకరు వార్తలు చదవాలి: మోటారు ఎప్పుడు కాలిపోయింది, వాచ్‌మన్ గది వెనక కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టింది, ఎవరింటికి చుట్టాలొచ్చారు. ఒకరు ఊళ్లో ఉన్న నానమ్మకు ఫోన్ చేసి నాలుగు శాత్రాలు, ఒక కథ అడిగి రాసుకోవాలి. దేనికి వాడే శాత్రమో కూడా అడగాలి, అసలు కథ అక్కడే దొరుకుతుంది. ఇంకొకరు గిన్నె, చీపురు, తలుపు గొళ్లెంతో చప్పుళ్లు చేయాలి. వాన చప్పుడు కావాలంటే చాటలో బియ్యం పోసి మెల్లగా కదిపితే సరిపోతుంది. పెద్ద పిల్లలు నాటిక రాస్తారు, చిన్నవాళ్లు అందులో మేకలవుతారు. వారం రోజుల పగళ్లు దీనికే సరిపోతాయి, రికార్డు చేసేది ఆదివారం పదిహేను నిమిషాలే.

మీరు చేయాల్సినవి రెండే. మొదటిది, మీరు రాసి ఇవ్వకండి. తప్పులుంటే ఉండనివ్వండి. రెండోది కష్టమైనది. ఆదివారం ఆ పదిహేను నిమిషాలు ఇద్దరూ ఒకచోట కూర్చుని మొత్తం వినాలి, మధ్యలో ఫోన్ వస్తే ఎత్తకుండా. కావాలంటే మన దగ్గరా సమ్మర్ క్యాంపు ఉంది, ఆ సంగతి దాచను. కానీ అది మధ్యాహ్నానికల్లా ముగుస్తుంది, ఆ తర్వాత గంటలు మీ ఇంటివే.

పిల్లలు తయారు చేసిన నాటికలు, రాసుకున్న శాత్రాలు, గీసిన బొమ్మలు ఒక కాగితం మీద చక్కగా రాయించి పంపండి. బడి తెరిచాక వచ్చే సంచికలో తెలుగు వైపు రెండు పేజీలు వాటికోసం ఖాళీగా ఉంచుతున్నాం. పేరు, తరగతి రాయండి, ర్యాంకు అక్కర్లేదు. కథ నానమ్మ చెప్పిందైతే ఆమె పేరు, ఊరు కూడా రాయండి. జూన్ 14 లోపు క్లాస్ టీచర్‌కు అందేలా చూడండి.