రూఫసు పుట్నము

అమెరికాలోని మసాచుసెట్సు సీమయందు సట్టను గ్రామమున 1738 సంవత్సరము ఏప్రిలు 9వ తేదీని రూఫసు పుట్నము జన్మించెను. ఏడవయేట తండ్రి గతించెను. మారుతండ్రి యాతనిని బడికి పంపడయ్యెను. బాలుడు మారుతండ్రి పూటకూటియింటికి వచ్చు బాటసారు లిచ్చిన చిల్లరతో తుపాకిమందు కొని, పక్షులను వేటాడి యమ్మి, ఆ సొమ్ముతో పుస్తకములు తెచ్చుకొని తనంతట తానే చదువుకొనెను.

1757లో సైన్యమున చేరి ఫ్రెంచివారితో పోరాడెను. స్వాతంత్ర్య యుద్ధమున, 1776లో, నేల గడ్డకట్టి త్రవ్వరాకుండగా, ఎరువు తెచ్చిన యొక గ్రంథమున కొయ్యచట్రముల విధానమును కనుగొనెను. ఆ ప్రకారము మార్చి నెలలో డార్చెస్టరు గుట్టలపై ఒక్కరాత్రిలో బురుజులు లేచెను. ఆంగ్లసేన బోస్టను పట్టణమును విడిచిపోయెను.

యుద్ధానంతరము, జీతమునకు బదులు విలువ తగ్గిన పత్రములే దక్కిన తోడి సైనికులకు భూమి సంపాదింపబూని, 1788 ఏప్రిలు 7వ తేదీని 48 మంది బృందమునకు నాయకుడై ఒహైయో నదీతీరమున మారియెట్టాను స్థాపించెను. ఆ నేల షానీ, డెలావేరు మొదలగు జాతులవారి నివాసము. కావున 1795 వరకు రక్తపాతము తప్పినది కాదు. 1802లో ఒహైయో రాజ్యాంగసభయందు బానిసత్వము నెదిరించెను. ఒహైయో విశ్వవిద్యాలయ స్థాపనకును పాటుపడెను. 1824 మే 4వ తేదీని మృతినొందెను.

విద్యార్థులారా! తనకు బడి దొరకని బాలుడు పరుల బిడ్డలకు విద్యాలయము నెలకొల్పుటకు తోడ్పడెను. పుస్తకము చేతనున్న మనము దాని విలువ నెరుగుదుముగాక!