మారిస్ ఫ్రాంకును అతని కుక్కయు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాష్‌విల్ అను పట్టణము కలదు. మారిస్ ఫ్రాంకు 1908వ సంవత్సరమున అచ్చట జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున గుఱ్ఱపుస్వారి చేయుచుండగా చెట్టుకొమ్మ తగిలి అతనికొక కన్ను పోయెను. పదునాఱవ యేట ముష్టియుద్ధమున దెబ్బ తిని రెండవ కన్నును కోల్పోయెను. అతని తల్లియు నంధురాలే. వెలుపలికి పోవలసినప్పుడెల్ల అతడు కూలికి బాలురను కుదుర్చుకొని, వారి చేయి పట్టుకొని నడువవలసివచ్చెను. చూపు లేకపోవుటకంటె ఈ పరాధీనతయే అతనిని మిక్కిలి బాధించెను.

1927వ సంవత్సరము నవంబరులో ఒక పత్రికయందలి వ్యాసమును తండ్రి అతనికి చదివి వినిపించెను. స్విట్జర్లాండులో కుక్కలకు శిక్షణ నొసగుచుండిన డొరొతీ యూస్టిస్ అను అమెరికా వనిత దానిని వ్రాసినది. యుద్ధమున కన్నులు పోయిన సైనికులకు దారి చూపుటకై జర్మనీలో కుక్కలకు నేర్పుచున్న విధమును ఆమె అందు వర్ణించినది. ఫ్రాంకు వెంటనే ఆమెకు జాబు వ్రాసెను. తనకట్టి కుక్క నిప్పించినచో స్వదేశమందలి అంధులకెల్ల ఆ మేలు కలుగునట్లు పాటుపడుదునని మాట యిచ్చెను.

1928లో అతడు స్విట్జర్లాండు చేరెను. అచ్చట అతనికి జర్మన్ షెపర్డ్ జాతి ఆడుకుక్క నొకదాని నిచ్చిరి. దాని పేరు కిస్, అనగా ముద్దు. నలుగురిలో ఆ పేరు పెట్టి పిలుచుటకు సిగ్గుపడి, నేస్తము అను అర్థముగల బడ్డీ యను పేరు దానికి పెట్టెను. దాని మేని తోలుపట్టీలకు అమర్చిన పిడిని పట్టుకొని నడచుట అతడు అభ్యసించెను. ఏ వీథికి పోవలయునో నిర్ణయించువాడు మనుష్యుడు. అడ్డములను తప్పించునది కుక్క. బండి వచ్చుచుండగా యజమానుడు ముందుకు పొమ్మన్నను అది కదలదు. ఆజ్ఞను మీఱియైనను ప్రాణమును కాపాడుట దానికి నేర్పిన విద్యలలో ముఖ్యమైనది.

ఆ యేటి జూన్ నెలలో న్యూయార్కున ఓడ దిగి, విలేఖరులు చూచుచుండగా, వాహనములతో క్రిక్కిఱిసిన వీథిని అతడు బడ్డీతో దాటెను. 1929లో నాష్‌విల్ నందు సీయింగ్ ఐ యను శిక్షణాలయము స్థాపింపబడెను. పిదప అది న్యూజెర్సీకి మార్చబడెను.

వీథిని దాటుటకంటె భోజనశాల గడప దాటుట కష్టమాయెను. హోటళ్లును రైళ్లును కుక్కలను రానిచ్చెడివి కావు. కుక్కను వెలుపల కట్టివేసి రమ్మనుట కన్నులను వెలుపల విడిచి రమ్మనుటయే కదా! ఫ్రాంకు ఊరూర తిరిగి ఈ సంగతినే బోధించెను. 1935 నాటికి ఆ దేశపు రైలు కంపెనీలన్నియు దారిచూపు కుక్కలకు యజమానులతో ప్రయాణమునకు సమ్మతించెను. 1956 నాటికి రాష్ట్రములన్నిటను ఇందుకు శాసనము లేర్పడెను.

ఈ హక్కుతో మర్యాదయు ముడిపడియున్నది. నేర్పుగల కుక్క భోజనశాలలో బల్లక్రింద నిశ్శబ్దముగా పరుండును. పళ్లెము వంక మూతి చాపదు. చుట్టునున్న వారును దానిని తాకరాదు, పిలువరాదు, రొట్టెముక్క వేయరాదు. ముచ్చటపడి చేసినను అది దాని మనస్సును పనినుండి మరల్చును. క్షణమాత్రపు ఏమరుపాటు అంధుని వీథిలో పడద్రోయవచ్చును. పలుకరింపదలచినచో యజమానునే పలుకరింపవలెను. 1990లో ఆ దేశమంతటికిని ఏర్పడిన శాసనము ప్రకారము భోజనశాల వారు అట్టి కుక్కను త్రోసిపుచ్చరాదు. అది అదుపు తప్పి అల్లరి చేయుచు, యజమానుడును దానిని అదుపు చేయనిచో, దానిని వెలుపలికి పంపవచ్చును; అప్పుడును యజమానునికి భోజనము నిరాకరింపరాదు.

బడ్డీ 1938లో మరణించెను. తరువాత వచ్చిన కుక్కలకును ఫ్రాంకు ఆ పేరే పెట్టెను. అతడు 1980లో కాలధర్మము నొందెను. న్యూజెర్సీయందలి మోరిస్‌టౌనున 2005లో వారిరువురి కంచువిగ్రహము ప్రతిష్ఠింపబడెను.

బాలబాలికలారా! ఫ్రాంకు తనకు దొరకిన దారిని తనకొక్కనికే యుంచుకొనలేదు. తనవంటివారికెల్ల తలుపులు తెఱపించెను. కన్నులున్న మనము చేయవలసినది స్వల్పమే: పనిలోనున్న కుక్కకు దారి యిచ్చి, దాని వెంట వచ్చు మనుష్యుని సాటి మనుష్యునిగా గౌరవించుట.