పండిత రమాబాయి: పదేళ్ల మాట



డిసెంబరు వచ్చిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సంఘాల్లో తీరిక అన్నమాట ఉండదు. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్ రౌండ్లు, సండే స్కూల్ నాటికలు, ఇళ్లకు సున్నాలు, కొత్త బట్టలు. ఈ సందడిలో ఒక పిల్లవాడు మన కంటికి ఆనడు. నాటికలో వాడు గొర్రెల కాపరి వేషం వేస్తాడు. నాటిక ముగిశాక మిగతా పిల్లలు తల్లిదండ్రుల దగ్గరికి పరుగెత్తితే, వాడు మేనత్త కొంగు పట్టుకుని నిలబడతాడు. తల్లి లేదు. బాపు మస్కట్‌లో ఉన్నాడు. వాడికి అన్నం పెట్టి బడికి పంపేది ఆ మేనత్తే.

మన ప్రాంతంలో ఇలాంటి ఇళ్లు కొత్త కాదు. గల్ఫ్‌కు పోయిన తండ్రులు, సాంచాల మీద బతికి అప్పుల్లో కూరుకుపోయి పోయినవాళ్లు, బీడీలు చుట్టిన డబ్బులతో మనవళ్లను సాకుతున్న అవ్వలు. ఫోస్టర్ కేర్ అనే మాట మనకు కొత్తది కావచ్చు, ఆ పని మాత్రం పాతదే. తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై పెంచాడు. బేత్లెహేములో పుట్టిన శిశువును యోసేపు తన ఇంటి బిడ్డగా పెంచాడు. పెంచిన చేతులు లేకుండా మన క్రిస్మస్ కథే లేదు.

అయితే ఆ పెంచే చేతులను ఎవరు పట్టుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఈ వారం పండిత రమాబాయి జీవితాన్ని మళ్లీ చదువుకున్నాం. ఆమె పేరు ఎరగని సంఘం లేదు. వేలమందిని ఆదరించిన తల్లిగా ఆమెను తలుచుకుంటాం. అంతకుముందు ఆమె దిక్కులేని బిడ్డగా తిరిగిందనీ, తన బిడ్డను కొన్నాళ్లు పరాయి చేతుల్లో పెట్టిన తల్లి అనీ మరిచిపోతాం.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడవాళ్లకు సంస్కృతం చెప్పకూడదన్న ఆనాటి ఆచారాన్ని కాదని భార్య లక్ష్మీబాయికి నేర్పాడు. ఆ తల్లి దగ్గరే రమాబాయి వేలకొద్దీ శ్లోకాలు కంఠతా పట్టింది. ఆస్తి కరిగిపోయాక ఆ కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణాలు వినిపిస్తూ, జనం ఇచ్చిన దానితో బతికింది.

తర్వాత కరువు వచ్చింది. తిరుగుతూ తిరుగుతూ వాళ్లు మన తెలుగు నేల మీదికి, తిరుపతి కొండ ప్రాంతానికి చేరారు. చేతిలో చివరి గింజ కూడా అయిపోయింది. అడుక్కోవడానికి మనసొప్పక అడవిలోకి వెళ్లి ఆకులు, నీళ్లతో రోజులు గడిపారు. 1874లో తండ్రి చనిపోయాడు. మిగిలినవాళ్లు రాయచూరు చేరారు. రాయచూరు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది, మన జగిత్యాల, సిరిసిల్ల ఉన్న రాజ్యంలోనే. అక్కడ తల్లి జబ్బుపడింది. ఆమెకు ఒక్క రొట్టె ముక్క కోసం రమాబాయి ఎవరి ఇంటి ముందో చేయి చాచవలసి వచ్చింది. తల్లి దక్కలేదు. పాడె మోయడానికి మనుషులు దొరకలేదు. చివరికి ఇద్దరు ముందుకొస్తే, అన్న శ్రీనివాస్, రమాబాయి మిగతా రెండు కొసలు పట్టారు. ఆమె పొట్టిగా ఉండడం వల్ల కొసను భుజం మీద కాక నెత్తిన పెట్టుకుని మోసింది. అప్పటికి ఆమె వయసు పదహారేళ్లు. తర్వాత అక్క కృష్ణాబాయి కూడా పోయింది.

ఆ పదహారేళ్ల పిల్లను చేరదీసిన ఇల్లు ఒక్కటీ లేదు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కాలినడకన దేశం తిరిగారు. 1878లో కలకత్తా చేరారు. ఆ అమ్మాయి సంస్కృత పాండిత్యం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపోయి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న కూడా మరణించాడు. ఆ ఏడాదే ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును కులం పట్టింపు లేకుండా పెళ్లి చేసుకుంది. 1881 ఏప్రిల్‌లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు నిండకముందే ఆమె విధవరాలు. చంకలో ఏడాది నిండని బిడ్డ.

ఆమె పుణే వెళ్లి స్త్రీల చదువు కోసం ఆర్య మహిళా సమాజం స్థాపించింది. 1883లో బిడ్డను తీసుకుని ఇంగ్లండుకు ఓడ ఎక్కింది. వాంటేజ్‌లోని సెయింట్ మేరీ సహోదరీల సమాజం వాళ్లిద్దరికీ చోటిచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 29న తల్లీకూతుళ్లు బాప్తిస్మం పొందారు. రమాబాయి చెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుకుంది, పాఠాలు చెప్పింది. 1886లో బంధువైన ఆనందీబాయి జోషి వైద్య పట్టా అందుకుంటుంటే చూడడానికి అమెరికా వెళ్లింది. అక్కడి పని పెరిగేకొద్దీ ఊరూరా తిరిగి మాట్లాడవలసి వచ్చింది. పసిపిల్లను వెంటబెట్టుకుని తిరగడం కుదరలేదు. మనోరమను తిరిగి ఇంగ్లండులోని సహోదరీల దగ్గరికి పంపింది.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. బిడ్డను వేరేవాళ్ల దగ్గర ఉంచిన తల్లి గురించి మన నోళ్లు ఎంత తేలిగ్గా మాట్లాడతాయో మనకు తెలుసు. కన్నబిడ్డను వదిలి గల్ఫ్‌కు పోయిందని ఎంతమంది ఆడబిడ్డలను నిందించాం! రమాబాయి ప్రేమ లేక మనోరమను పంపలేదు. ఆ బిడ్డను నమ్మకంగా చూసుకున్న సహోదరీలు ఉండబట్టే ఆమె తన పిలుపుకు లోబడగలిగింది. వేరే బిడ్డకు అన్నం పెట్టి, జ్వరం వస్తే తల దగ్గర కూర్చుని, కన్నతల్లి మీద ప్రేమ చెరగకుండా కాపాడి, సమయం వచ్చినప్పుడు తిరిగి అప్పగించడం చిన్న సేవ కాదు.

అమెరికాలో రమాబాయి అడిగింది భారతదేశంలోని బాలవితంతువులకు ఒక ఇల్లు. 1887లో బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడింది. దాని ఉపాధ్యక్షుల్లో ఫిలిప్స్ బ్రూక్స్ ఒకరు. క్రిస్మస్ కాలంలో ఇంగ్లీషు ఆరాధనల్లో పాడే ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహేమ్ పాట రాసిన పాస్టరుగారు ఆయనే. ఆ అసోసియేషన్ వాళ్లు సభలో చప్పట్లు కొట్టి, ఒకసారి కానుక పట్టి పంపేయలేదు. పదేళ్లు ఆదుకుంటామని మాట ఇచ్చారు. ఊరూరా చిన్న చిన్న బృందాలుగా చేరి, ఏటా తమకు తోచినంత ఇస్తూ వచ్చారు. వాళ్లలో చాలామంది పండిత రమాబాయి ఇంటిని ఎన్నడూ చూడలేదు. అయినా డబ్బు ప్రతి ఏడూ వచ్చేది.

ఆ మాటను నమ్ముకునే ఆమె 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. మరుసటి ఏడాది దాన్ని పుణేకు మార్చింది. చిక్కులు రాకపోలేదు. పిల్లలను మతం మారుస్తోందని 1893లో పెద్ద గొడవ లేచి, చాలామంది తమ ఆడపిల్లలను తీసుకెళ్లిపోయారు. ఆ కష్టకాలంలోనూ సదన్ మూతపడలేదు. పదేళ్ల గడువు ముగిసినప్పుడు, 1898లో, ఆమె మళ్లీ అమెరికా వెళ్లింది. అక్కడివాళ్లు అసోసియేషన్‌ను మళ్లీ ఏర్పరచి సాయం కొనసాగించారు.

ఈలోగా 1896లో మధ్య పరగణాల్లో కరువు పడింది. ఆ వార్త చెవిన పడగానే రమాబాయికి తన పదహారో ఏడు గుర్తొచ్చింది. తనకు దొరకని ఇంటిని ఆ పిల్లలకు ఇవ్వాలని బయల్దేరింది. ఎముకల గూళ్లలా ఉన్న ఆడపిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. పుణేలో ప్లేగు ఆంక్షలు ఉండడంతో వాళ్లను కేడ్‌గావ్‌లో తాను కొన్న పొలానికి తీసుకెళ్లి గుడారాల్లో, పాకల్లో ఉంచింది. అదే ముక్తి మిషన్ అయింది. 1900లో గుజరాత్ కరువు తర్వాత అక్కడ ఉన్నవాళ్ల సంఖ్య దాదాపు 2,000కు చేరింది.

ఇంతమందిని ఆమె ఒక్కతే పెంచలేదు. శారదా సదన్‌లో చదువుకున్న వితంతువులు ఈ పిల్లలకు పంతులమ్మలుగా, పెద్ద దిక్కుగా నిలిచారు. నిన్న ఆశ్రయం పొందినవాళ్లే నేడు ఆశ్రయం ఇచ్చారు. నేత, కుట్టు, అచ్చుపని, వ్యవసాయం, పశువుల పెంపకం నేర్పారు. గుడ్డివారికి బ్రెయిలీ నేర్పారు. సాంచాల చప్పుడు మధ్య బతికే సిరిసిల్ల సంఘానికి ఆ మగ్గాల విలువ వేరే చెప్పాలా? పని నేర్చిన చేతికి చాచవలసిన అవసరం తగ్గుతుందని రాయచూరు వీధి చూసిన రమాబాయికి బాగా తెలుసు.

ఇక మనోరమ. సహోదరీల చేతుల్లో కొన్నాళ్లు పెరిగిన ఆ బిడ్డ తల్లికి దూరం కాలేదు. పెద్దదై తల్లికి కుడిభుజం అయింది. 1912లో నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో తల్లి తెరిచిన క్రైస్తవ హైస్కూలుకు ప్రిన్సిపాల్ అయింది. అమ్మమ్మ ఆకలితో కన్నుమూసిన రాయచూరుకు ఆ ఊరు ఎంతో దూరం కాదు. 1921 జూలైలో మనోరమ నలభయ్యేళ్లకే ప్రభువు సన్నిధికి చేరింది. రమాబాయి చివరి వరకూ మరాఠీ బైబిలు అనువాదం మీద పనిచేసి, 1922 ఏప్రిల్ 5న విశ్రాంతిలో ప్రవేశించింది. ముక్తి మిషన్ ఈనాటికీ కేడ్‌గావ్‌లో పిల్లలను ఆదరిస్తూనే ఉంది.

ప్రియులారా, ఈ జీవితం మన డిసెంబరును ఏమడుగుతోంది?

మొదట, మన తప్పు ఒప్పుకుందాం. క్రిస్మస్ రోజున తల్లిదండ్రులు లేని పిల్లలను వేదిక మీదికి పిలిచి, మైకులో చెప్పి, దుప్పటో స్వెటరో చేతిలో పెట్టి ఫొటోలు దిగిన సంఘాలు ఎన్నో. మేమూ అలా చేశాం. ఆ ఫొటోలో తల వంచుకున్న పిల్ల ముఖం తర్వాత చూసుకుని సిగ్గుపడ్డాం. ఈ ఏడు ఆ పని మానేద్దాం. సంరక్షణ అవసరమైన పిల్లల వివరాలు, ఫొటోలు బయటపెట్టడాన్ని చట్టం కూడా అనుమతించదు. ఇవ్వవలసింది ఇంటికి వెళ్లి, పెంచుతున్న అవ్వ చేతికో మేనత్త చేతికో ఇద్దాం. ఆ కొత్త బట్టలు పిల్లలకు ఆమె చేతి మీదుగా అందాలి.

రెండవది, బోస్టన్‌వాళ్లలా మాట ఇద్దాం. పది కుటుంబాలు కలిసి ఒక పెంపక ఇంటి పక్కన నిలబడలేవా? కేకు డిసెంబరులో అందరూ తెస్తారు. మార్చిలో పరీక్షలకు, జూన్‌లో ఫీజులకు, వానాకాలం జ్వరాలకు ఎవరు వస్తారు? నెలకు ఒక్కరోజు పిల్లలను మన ఇంటికి తీసుకెళ్లి ఆ అవ్వకు నడుము వాల్చే తీరిక ఇవ్వడానికి డబ్బు కూడా అక్కర్లేదు.

మూడవది, చట్టం దారిలో నడుద్దాం. దిక్కులేని బిడ్డ కనిపిస్తే ఎవరింట్లోనో గుట్టుగా ఉంచకుండా 1098కు ఫోన్ చేసి, జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. ఫోస్టర్ కేర్ దత్తత కాదు. ఆ సమితి ఆదేశంతో, దాని పర్యవేక్షణలో కొంతకాలం బిడ్డను చూసుకోవడం. అర్హత ఉన్న పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. చదువురాని అవ్వకు ఆ దరఖాస్తు కొండంత. సంఘంలో చదువుకున్న ఒక యువకుడు తోడు వెళ్తే సగం బరువు తీరుతుంది.

చివరగా, పండుగ రోజున ఆ పిల్లలకు ఏడుపు వస్తే ఏడవనిద్దాం. తల్లి జ్ఞాపకం అందరికంటే ఎక్కువగా కుట్టేది ఆ రోజే. క్రిస్మస్ ఉదయం మస్కట్‌లో ఉన్న బాపుతో వీడియోకాల్ చేయించండి. ఆ పదినిమిషాలు ఏ కానుకకూ తీసిపోవు.

రాయచూరులో ఆ పదహారేళ్ల పిల్ల పాడె మోసిన రోజు అక్కడ మన సంఘం ఉండి ఉంటే ఏం చేసేదో ఊహించుకోవడం సులభం. ఆ పిల్ల ఇప్పుడు జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో మన పక్క వీధిలోనే ఉంది. ఆమెను పెంచుతున్న ఇంటి తలుపు ఈ వారమే తడదాం. సత్రంలో చోటు దొరకని ప్రభువు ఆ తలుపు వెనుక మన కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన కృప మీ అందరికీ తోడైయుండునుగాక. ఆమేన్.