కీళచ్చేరి తల్లి తాటిపత్రి జ్ఞానమ్మ

తమిళనాట తెలుగువారి చరిత్ర అనగానే మనకు నాయక రాజులు, త్యాగరాజస్వామి గుర్తొస్తారు. ఇల్లు నడిపి, బడి నడిపి వెళ్లిపోయిన ఆడవాళ్ల పేర్లు మన సభల్లో వినిపించేది తక్కువ. అందుకే ఈసారి ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల మన తెలుగు కుటుంబాల కోసం అలాంటి ఒక తల్లి జీవితాన్ని రాస్తున్నాం. ఆమె కతోలిక క్రైస్తవురాలు. అయినా ఆమె చేసిన పని ఏ మతం వారైనా తెలుసుకోదగినదే.

తాటిపత్రి జ్ఞానమ్మ 1822లో గుంటూరు సీమలోని ఫిరంగిపురంలో పుట్టారు. ఆ రోజుల వాడుక ప్రకారం చిన్న వయసులోనే పెళ్లయింది. భర్త గాలి ఇన్నయ్యగారు బడిపంతులు. కాపురం కీళచ్చేరిలో. ఆ ఊరు ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో, మద్రాసుకు దగ్గరలో ఉంది. ఆంధ్ర దేశం నుంచి వలస వచ్చిన తెలుగు కతోలిక కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. చుట్టూ తమిళం, ఇంట్లో తెలుగు. మన బతుకూ అదే కాబట్టి దీన్ని మనకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ దంపతులకు ఐదుగురు కొడుకులు. భర్త ముందే కన్నుమూశారు. పిల్లల భారం ఒక్క తల్లి మీద పడింది. ఆ కాలంలో విధవరాలైన స్త్రీకి సంఘం చూపించే చోటు ఇంటి వెనక గది మాత్రమే. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. జ్ఞానమ్మగారు అంతకు చాలా ముందే విధవరాలయ్యారు. ఆమె పునర్వివాహం వైపు చూడలేదు, మూల కూర్చోనూ లేదు. దేవుని సేవ, ఆడపిల్లల చదువు, ఈ రెండింటినీ ఒకే పనిగా ఎంచుకున్నారు.

మఠంలో చేరి కన్యస్త్రీ కావాలంటే ఎవరికి వీలవుతుంది, ఎవరికి వీలవదు అనే సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. ఆఫీసులో దరఖాస్తులు చూసిన అలవాటు కొద్దీ మేము ఆ నిబంధనలు చదివాం. 1983 నాటి కతోలిక సంఘ చట్టం ప్రకారం నోవిషియేట్‌లో చేరడానికి పదిహేడేళ్లు నిండాలి. భర్త బతికి ఉండి వివాహబంధం నిలిచి ఉంటే చేరడానికి వీల్లేదు. భయపెట్టి గానీ, మోసం చేసి గానీ చేర్పిస్తే ఆ చేరిక చెల్లదు. తీర్చలేని అప్పులున్నవారిని తీసుకోకూడదు. జ్ఞానస్నాన పత్రం, వివాహబంధం లేదనే రుజువు చూపాలి. అంతకు ముందున్న 1917 నాటి చట్టంలో మరో మాట ఉండేది. పిల్లల పోషణకు, చదువుకు తల్లి అవసరమైతే ఆమెను చేర్చుకోకూడదు. ముసలి తల్లిదండ్రులు గట్టి ఇబ్బందిలో ఉండి, బిడ్డ సాయం తప్పనిసరైనా అంతే.

మఠంలో చేరకుండా లోకంలోనే ఉంటూ కన్యగా అంకితమయ్యే మార్గం కూడా ఒకటుంది. ఆ పాత ఆచారాన్ని 1970లో రోము తిరిగి తెరిచింది. అది ఎన్నడూ పెళ్లి కాని స్త్రీలకే. విధవరాలికి ఆ దారి లేదు గానీ మఠం దారి మూసుకుపోలేదు. అంటే విధవరికానికి చట్టం అడ్డు కాదు. అడ్డు నిలిచేవి పిల్లల బాధ్యత, బంధువుల మాట, ఊరి నోరు.

ఇతర దేశాల్లోనూ ఇదే కథ. ఫ్రాన్సులో జాన్ ద షాంతాల్ అనే విధవరాలు 1610లో మఠం స్థాపించడానికి ఇల్లు విడిచి వెళ్తుంటే కొడుకు గడపకు అడ్డంగా పడుకున్నాడని చెబుతారు. అమెరికాలో ఎలిజబెత్ సీటన్ ఐదుగురు పిల్లలున్న విధవరాలు. ఆమె 1809లో కన్యస్త్రీల సభ ప్రారంభించి, బడి నడిపి, 1821లో చనిపోయారు. మరుసటి ఏడే మన జ్ఞానమ్మగారు పుట్టారు. ఆమెకూ పిల్లలు ఐదుగురే.

1863లో కీళచ్చేరిలో జ్ఞానమ్మగారు ఆడపిల్లల కోసం తెలుగు బడి పెట్టారు. ధవళేశ్వరంలో వీరేశలింగంగారి బాలికల పాఠశాల 1874లో వచ్చింది, దానికి ఇది పదకొండేళ్లు ముందు. ఆడపిల్లకు అక్షరం ఎందుకని అడిగే కాలం అది. మగ ఉపాధ్యాయుడి దగ్గరికి పంపడానికి ఇష్టపడని ఇళ్లకు, తమ మధ్యనే ఉన్న ఒక పెద్దావిడ నేర్పితే పంపడానికి మనసొప్పుతుంది. ఆ బడితో పెరిగిన సేవే పునీత అన్నమ్మ పేర కన్యస్త్రీల సభగా నిలిచింది. అన్నమ్మగారు మరియమ్మకు తల్లి. ఒక తల్లి నాటిన సభకు మరో తల్లి పేరు తగినదే.

1874లో జ్ఞానమ్మగారు కన్నుమూశారు. ఆమెను మూలమాతగా తలిచే సభలు రెండు, ఒకటి మద్రాసులో, రెండోది ఫిరంగిపురంలో. పుట్టినూరూ మెట్టినూరూ రెండూ ఆమెను మరువలేదు. 2014లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీతురాలు కావడానికి అది తొలి మెట్టు. ఆపైన పూజ్యురాలు, ధన్యురాలు అనే మెట్లున్నాయి.

ఇక మన సంగతి. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బళ్లలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. కానీ తెలుగు అక్షరాలు దిద్దే పిల్లలు మన వీధుల్లో తగ్గుతున్నారు. నూట అరవై ఏళ్ల కిందట, ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూడకుండా, ఐదుగురు బిడ్డల తల్లి తమిళ ఊళ్లో తెలుగు బడి తెరిచింది. పెన్షన్, సెల్‌ఫోన్, ఆదివారం సెలవు అన్నీ ఉన్న మనం ఒక్క గంట కూర్చోలేమా?

ఇంకో మనవి. మన ఇంటి ఆడపిల్ల మఠానికి వెళ్తానన్నా, పై చదువుకు వెళ్తానన్నా, భర్త పోయిన కూతురు ఉద్యోగం చేస్తానన్నా, ముందుగా అడ్డు చెప్పేది మనమే. బలవంతంగా పంపడం తప్పని ఆ సంఘ చట్టమే చెబుతోంది. బలవంతంగా ఆపడమూ అంతే తప్పని మా అభిప్రాయం. అప్పు ఉందా, చిన్నపిల్లలున్నారా, ముసలివాళ్లను చూసేదెవరు అని అడగండి, అవి న్యాయమైన ప్రశ్నలు. నలుగురూ ఏమనుకుంటారన్నది మాత్రం ఆ జాబితాలో లేదు.