వెంటిలేటర్ పక్కన మన సుబ్బారావు గారు

మా మెకానికల్ వాళ్ళకి వెంటిలేటర్ అంటే ప్రెషర్, ఫ్లో, నాలుగు వాల్వులు. అది ఊపిరి మాత్రమే ఇస్తుందనీ, జబ్బుతో పోరాడేది మందేననీ నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివాకే బాగా అర్థమైంది.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ఇంగ్లీషు ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, చిన్న డిగ్రీతో సరిపెట్టుకున్నారు. అన్నదమ్ముల్ని జబ్బు మింగేసిన బాధతో మందులు వెతకాలని బోస్టన్ వెళ్ళారు. పొట్టకూటికి ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూనే చదువుకున్నారు. ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్పరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు.

ఆయన హార్వర్డ్‌లో ఉన్న రోజుల్లోనే, 1928లో, అదే ఊళ్ళోని పిల్లల ఆసుపత్రిలో ఒక వింత జరిగింది. పోలియోతో ఊపిరాడని ఎనిమిదేళ్ళ పాపను ఫిలిప్ డ్రింకర్ అనే ఇంజినీరు చేసిన ఇనుప డబ్బాలో, అంటే ఐరన్ లంగ్‌లో, పెట్టారు. కాసేపట్లోనే పాప తేరుకుంది. కానీ కొన్ని రోజులకే న్యుమోనియాతో పోయింది. యంత్రం తన పని తాను చేసింది. క్రిమిని చంపే మందే అప్పటికి చేతిలో లేదు.

సుబ్బారావు గారు 1940లో లెడర్లే కంపెనీకి మారారు. ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే, 1945లో, వృద్ధ శాస్త్రవేత్త డగ్గర్ మిస్సోరీ మట్టిలోంచి ఆరియోమైసిన్ పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. పెన్సిలిన్‌కి లొంగని కొన్ని న్యుమోనియాలకీ పనికొచ్చింది. 1948లో దాన్ని లోకానికి చెప్పారు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళకి, సుబ్బారావు గారు కన్నుమూశారు.

పళ్ళ రంగు మారుతుందని ఇవాళ ఆ మందుని చిన్నపిల్లలకి సాధారణంగా ఇవ్వరు, వేరేవి ఇస్తారు. పోయినేడాది మా అక్క కొడుకు, పది నెలలవాడు, ఇక్కడే విశాఖలో న్యుమోనియాతో ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. నేను మానిటర్ అంకెలే చూస్తూ కూర్చుంటే, డాక్టరమ్మ పక్కనున్న చిన్న సిరంజి పంపు చూపించారు. అందులో ఉన్నది యాంటీబయాటిక్. వాడు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

ఫ్రెండ్స్, మన ప్రాజెక్టుల్లో వెంటిలేటర్ నమూనాలు చేద్దాం, తప్పకుండా చేద్దాం. మనం చేసేది ఆ పసివాడికి టైమ్ సంపాదించి పెట్టే యంత్రం. ఆ టైమ్‌లో పనిచేసే మందుల కోసం ప్రాణం పెట్టిన మన భీమవరం ఆయన పేరు కూడా గుర్తుంచుకుందాం.