ఇంటి మాటలే ఇందిరారమణునికి పూమాలలు

సంసారమునందున్న భక్తునికి ఒక దిగులు ఉండును. తెల్లవారినది మొదలు పాడి, వంట, పొలము, అంగడి, పిల్లల పోషణము, వీనితోనే దినము గడచిపోవుచున్నది. శాస్త్రము చదువుటకు తీరిక లేదు. ఏకాంతముగా ధ్యానము చేయుటకు చోటు లేదు. ఇట్టివానికి స్వామి ఎట్లు దక్కునని ఆ దిగులు. దీనికి సమాధానముగా ఒక నిండు జీవితమే మన ఎదుట నిలిచియున్నది. అది పదకవితా పితామహులైన శ్రీ తాళ్లపాక అన్నమాచార్యులవారి జీవితము.

కడప సీమలో, రాజంపేటకు చేరువనున్న తాళ్లపాక గ్రామమున 1408వ సంవత్సరమున, సర్వధారి నామ సంవత్సర వైశాఖ మాసమున, విశాఖా నక్షత్రమునందు నారాయణసూరి, లక్కమాంబ అను పుణ్యదంపతులకు అన్నమయ్య జన్మించినారు. వారి మనుమడు తాళ్లపాక చిన్నన్న ద్విపదలో వ్రాసిన అన్నమాచార్య చరిత్రమే వారి జీవితమును తెలుసుకొనుటకు మనకు ముఖ్యమైన ఆధారము.

అది ఉమ్మడి కుటుంబము. బాలుడైన అన్నమయ్యకు పాటయే లోకము. ఇంటి పనులు పట్టక తిరుగుచున్నాడని ఇంటివారు విసిగి, ఒకనాడు పశువులకు గడ్డి కోసికొని రమ్మని అడవికి పంపినారు. గడ్డి కోయుచుండగా కొడవలి తగిలి చిటికెన వ్రేలు తెగినది. ఎందరికో ఇట్టి గాయములు తగులుచుండును. గుడ్డ చుట్టుకొని మరల పనిలో పడుదురు. ఆ బాలునికి మాత్రము ఆ నెత్తుటి బొట్టులోనే ఈ బంధములు ఎంతటివో తెలిసివచ్చినది. ఆ దారిన తిరుమలకు పోవుచున్న యాత్రికుల గుంపు కనబడగా, కొడవలిని విడిచి వారి వెంట నడచినాడు. మహాజ్ఞానము కలుగుటకు మహాసంఘటనలే జరుగవలెనను నియమము లేదు. చూచు మనస్సు ఉండవలెను.

కొండ ఎక్కుచు మోకాళ్ల పర్వతము చేరునప్పటికి ఆ బాలుడు ఆకలితో, అలసటతో ఒక వెదురు పొద నీడను రాతిపై పడి నిద్రించినాడు. కాళ్లకు చెప్పులు అట్లే ఉన్నవి. అలమేలుమంగమ్మ ఒక పెద్ద ముత్తైదువ రూపమున వచ్చి, ఆ కొండ సాలగ్రామమయమని, చెప్పులు విడిచి ఎక్కవలెనని తెలిపి, తాను తెచ్చిన ప్రసాదమును పెట్టినదని చరిత్రము చెప్పుచున్నది. ఆ తల్లి ఆనాడు ఉపదేశించినది ఒక ఇంటి ఇల్లాలు బిడ్డకు చెప్పు మాట. పెట్టినది ఆకలిగొన్న బిడ్డకు అన్నము. ఆ చిన్న మాట, ఆ పిడికెడు ప్రసాదము అన్నమయ్య నోట అమ్మవారిపై శతకమై వెలువడినవి.

పైకి చేరిన పిమ్మట ఆ బాలుడు కోవెలను చూచిన తీరు గమనింపదగినది. స్వామి పుష్కరిణి, గోపురము కడనున్న చింతచెట్టు, గరుడ స్తంభము, సంపెంగ ప్రాకారము, శ్రీ భండారము, కనబడిన ఒక్కొక్కదాని కడ నిలిచి, ఒక్కొక్కదానికి నమస్కరించి, ఒక్కొక్కదానిని కీర్తించుచు సన్నిధికి చేరినాడు. దర్శనమునకై త్వరపడి నడుమ నున్నవానిని చూడక పోవు మనకు ఈ నడక ఒక పాఠము. స్వామికి చెందినది ఏదియు చిన్నది కాదని ఆ వయస్సునందే ఆయనకు తెలిసినది.

తిరుమలలో ఘనవిష్ణువు అను వైష్ణవాచార్యుని వలన అన్నమయ్య పంచసంస్కారములు పొందినారు. తరువాత తాళ్లపాకకు మరలివచ్చి తిరుమలమ్మను, అక్కలమ్మను వివాహమాడి గృహస్థులైనారు. తిరుమలమ్మయే సుభద్రా కల్యాణము రచించిన తిమ్మక్క. అహోబిలమున శఠకోప యతి సన్నిధిలో వేదాంతమును అభ్యసించినారు. సంస్కృతమున పాండిత్యమున్నను, వారు స్వామికి అర్పించిన సంకీర్తనములలో అధిక భాగము తెలుగు వాకిటి పలుకులే.

పదునారవ యేట, అనగా 1424లో, వేంకటేశ్వరుడు ప్రత్యక్షమైనది మొదలు 1503 ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు వారు సంకీర్తనములు రచించినట్లు రాగిరేకులు తెలుపుచున్నవి. దినమునకు ఒక్కటికి తక్కువ కాకుండ రచింతునని వారి వ్రతము. ఆ నడుమ గడచినవి దాదాపు 79 సంవత్సరములు. దినములుగా లెక్కింపగా సుమారు 29 వేలు. వారు రచించినవి 32 వేలని ప్రసిద్ధి. ప్రతిదినము ఒక క్రొత్త పాట పుట్టవలెనన్నచో దానికి సామగ్రి ఎక్కడినుండి వచ్చును? ఉత్సవములు ప్రతిదినము రావు. దర్శనానుభవములు కోరినంతనే కలుగవు. ప్రతిదినము తప్పక వచ్చునవి తెల్లవారుట, దంచుట, వండుట, తినుట, బిడ్డను నిద్రపుచ్చుట, దీపము పెట్టుట. అన్నమయ్య వీనినే ఎంచుకొన్నారు.

స్త్రీలు వడ్లు దంచుచు పాడు సువ్వి పాట, తల్లి పాడు జోల, లాలి, సంక్రాంతి నాటి గొబ్బి, వసంతమున పాడు జాజర, పెండ్లి ఇంటి ధవళ శోభనములు, పసిబిడ్డకు చూపు చందమామ, ఇవి యన్నియు వారి పాటలలో స్వామిని చేరినవి. రోకటి పోటులో లయ ఉన్నది. ఆ లయలో స్వామి నామము చేరినచో దంచుటయే అర్చన యగును.

మనస్సు యొక్క మొండితనమును వర్ణింపవలసి వచ్చినప్పుడు వారు తర్కశాస్త్రమును ఆశ్రయింపలేదు. బద్దలు పెట్టి బిగించినను సరికాని కుక్కతోకను, ఎంతకాలము నీట నానినను మెత్తబడని గొడ్డలిని, ప్రేమతో కోకలో దాచుకొన్నను కుట్టుట మానని తేలును చూపినారు. పల్లెలోని ముదుసలి యైనను తలయూచి అంగీకరించు దృష్టాంతములివి. పరబ్రహ్మము ఒక్కటే యని చాటు వారి సుప్రసిద్ధ కీర్తనమునందును ఇదే మార్గము. రాజు నిద్రించినను బంటు నిద్రించినను నిద్ర ఒక్కటే. ఏనుగుపై కాయు ఎండయే కుక్కపైనను కాయును. నిద్ర, ఎండ, మనము నిలిచిన నేల, ఇంతకంటె సామాన్యమైనవి ఏవి కలవు? వానితోనే ఆయన అద్వితీయ సత్యమును బోధించినారు.

స్వామి సేవలలోను ఆ కన్ను చిన్న వివరములపైననే నిలిచినది. శుక్రవారపు తిరుమంజనమును వర్ణించునపుడు సొమ్ములు సడలించుట, పచ్చకర్పూరము నూరి గిన్నెల నింపుట, తట్టుపునుగు అలదుట వరుసగా చూపినారు. శ్రీదేవి వడ్డింపగా స్వామి ఆరగించు పాటలో పిండివంటలను ఒక్కొక్కటిగా పేర్కొన్నారు. రుచి, పరిమళము విడువవలసినవని కొందరందురు. అన్నమయ్య వానిని విడువలేదు. స్వామి ముందు ఉంచినారు.

అయితే ఈ ఇంటి మాటలకు వారి జీవితమున ఒక కఠిన పరీక్ష వచ్చినది. సాళువ నరసింహరాయలు వారిని ఆదరించి తన కొలువునకు రప్పించుకొన్నాడు. ఒకనాడు అమ్మవారి సౌందర్యమును వర్ణించు పాట విని పరవశించి, తనపై అట్టి పాట ఒకటి చెప్పుమని కోరినాడు. అన్నమయ్య హరినామము పలుకుచు చెవులు మూసికొన్నారు. హరిని కీర్తించిన నోట నరుని కీర్తింపనన్నారు. రాజు కోపించి సంకెలలు వేయించినాడు. ఆయన స్వామిని తలచి పాడగా ఆ సంకెలలు వీడిపోయినవనియు, రాజు పశ్చాత్తాపపడి మన్నింపు వేడినాడనియు చరిత్రము చెప్పుచున్నది. రాజు కోరినది ఒక్క పాటయే. ఇచ్చినచో సన్మానము, కాదన్నచో చెర. మాట ఎంత సామాన్యమైనదైనను అది ఎవరికి చెందవలెనో తెలిసినవారు కావున, అన్నమయ్య చెరనే ఎంచుకొన్నారు. గొడ్డలిని, కుక్కతోకను సైతము పాటలోనికి రానిచ్చిన ఆ కవి, రాజును మాత్రము రానీయలేదు.

వారి అనంతరము కుమారులైన పెదతిరుమలాచార్యులవారి పూనికతో సంకీర్తనములు రాగిరేకులకెక్కి ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రమైనవి. పిదప శతాబ్దములపాటు లోకము వానిని మరచినది. 20వ శతాబ్దిలో అవి వెలికివచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి మహనీయులు వాని పరిష్కరణమునకు పాటుపడినారు. శర్మగారు అనేక కీర్తనములకు స్వరములు కూర్చినారు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానములు అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినవి. నేడు లభించుచున్న అన్నమయ్య సంకీర్తనములు సుమారు 12 వేలు.

రేకులు మూలబడియున్న కాలమునందును తాళ్లపాకవారి లాలి సన్నిధిలో వినబడుచునే యున్నది. నేటికిని తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ ఆ వంశీయులు లాలి పాడుదురు. పూరిపాకలో తల్లి తన బిడ్డకు పాడు ఆ వరుసయే, ఏడుకొండలవాడు పవళించు వేళ వినుచున్నాడు.

కావున సంసారి దిగులుపడవలసిన పని లేదు. రేపు ఉదయమున పొయ్యి వెలిగించునపుడు, పువ్వు కోయునపుడు, బిడ్డకు అన్నము కలుపునపుడు ఒక్క మాట స్వామికి చెప్పుకొనవచ్చును. దినమునకు ఒక్కటి చాలును. అన్నమాచార్యులవారు ఎనుబది యేండ్లకు చేరువగా సలిపిన తపస్సు అదియే. అట్టి మాట మన నోట కలుగునట్లు అలమేలుమంగాసమేతుడైన శ్రీ వేంకటేశ్వరుడు మనలననుగ్రహించుగాక.