పొలంలో టీ పార్టీతో మొదలైంది.. డ్యాన్స్ ఫెస్టివల్‌గా ఎదిగింది! ఎవరీ టెడ్ షాన్?

వేసవి వస్తే చాలు.. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో బెకెట్ అనే చిన్న ఊరికి డ్యాన్సర్లు, ప్రేక్షకులు తరలివస్తారు. కొండల మధ్య ఓ పాత పొలంలో జరిగే జేకబ్స్ పిల్లో డ్యాన్స్ ఫెస్టివల్‌కి ఉన్న క్రేజ్ అలాంటిది. షోకి ముందు ఉచిత ప్రసంగాలు, ఆరుబయట వేదికపై ప్రదర్శనలు, సామాన్యులకు డ్యాన్స్ క్లాసులు.. అక్కడ అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. దీనికి బీజం వేసింది మాత్రం ఒకప్పుడు జబ్బుతో మంచాన పడ్డ ఓ కుర్రాడు. ఆయనే టెడ్ షాన్.

పాస్టర్ అవుదామనుకుంటే..

1891 అక్టోబర్ 21న మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో షాన్ పుట్టారు. చర్చి సేవలోకి వెళ్లాలన్నది ఆయన ఆలోచన. డెన్వర్‌లో చదువుతుండగా డిఫ్తీరియా సోకింది. ప్రాణం దక్కినా కొన్నాళ్లు పక్షవాతం వేధించింది. కండరాలకు బలం వస్తుందని డ్యాన్స్ క్లాసులో చేరారు. అంతే, ఇక చర్చి వైపు వెళ్లలేదు.

1914లో అప్పటికే పేరున్న డ్యాన్సర్ రూత్ సెయింట్ డెనిస్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లో డెనిషాన్ స్కూల్ పెట్టారు. మార్తా గ్రాహమ్, డోరిస్ హంఫ్రీ వంటి దిగ్గజాలు అక్కడే ఓనమాలు దిద్దుకున్నారు. 1925-26లో ఈ బృందం ఆసియా టూర్‌లో భాగంగా భారత్‌కూ వచ్చింది. ఆ స్ఫూర్తితో షాన్ శివతాండవాన్ని తన పద్ధతిలో రూపొందించుకుని ఆడారు.

టీ ఇచ్చింది కూడా డ్యాన్సర్లే

1930ల మొదట్లో సీన్ మారిపోయింది. దంపతులు విడిగా ఉండటం మొదలుపెట్టారు, డెనిషాన్ మూతపడింది. షాన్ చేతిలో మిగిలింది బెకెట్‌లో కొన్న పాత పొలమే. అప్పట్లో అమెరికాలో మగవాళ్లు డ్యాన్స్ చేస్తే చిన్నచూపు. షాన్ పట్టుదలగా మగవాళ్లతోనే బృందం కట్టారు. స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో ఆయన దగ్గర నేర్చుకున్న వ్యాయామ విద్యార్థులు కూడా అందులో చేరారు. పొద్దున కూరగాయలు పండించడం, సుత్తీ మేకులూ పట్టి షెడ్లు కట్టడం, మిగతా టైమ్‌లో ప్రాక్టీస్. ఇదే వాళ్ల దినచర్య.

మరి ఖర్చులకు డబ్బులు? 1933 జులైలో షాన్‌కు ఓ ఐడియా వచ్చింది. చుట్టుపక్కల వాళ్లను టీకి పిలిచారు. డ్యాన్సర్లే టీ అందించారు. ఆ తర్వాత పశువుల కొట్టాన్ని మార్చి కట్టుకున్న స్టూడియోలో నాట్యం చేసి చూపించారు. ఆ డ్యాన్స్ ఏంటో షాన్ స్వయంగా వివరించారు. మొదటి రోజు వచ్చింది 45 మందే. నోటి మాటగా విషయం పాకింది. వేసవి ముగిసేసరికి చోటు చాలక కొందరిని వెనక్కి పంపాల్సి వచ్చింది.

అమ్మేద్దామనుకున్న వేళ..

ఏడేళ్లు ఊరూరా తిరిగిన ఆ బృందం 1940లో ముగిసింది. అప్పులు మిగిలాయి. పొలం అమ్మేయాలన్న ఆలోచనకు వచ్చారు షాన్. 1941 వేసవిలో బ్యాలే స్టార్లు అలీసియా మార్కోవా, ఆంటన్ డోలిన్ దాన్ని అద్దెకు తీసుకుని ఫెస్టివల్ నడిపారు. జనం బాగా రావడంతో స్థానికులు ముందుకొచ్చారు. 50 వేల డాలర్లు పోగుచేసి స్థలం కొన్నారు, థియేటర్ కూడా కట్టించారు. 1942 జులై 9న అది తెరుచుకుంది. అమెరికాలో కేవలం డ్యాన్స్ కోసమే కట్టిన తొలి థియేటర్‌గా దానికి పేరు. యుద్ధకాలం, పెట్రోల్‌కీ టైర్లకీ రేషన్. అయినా జనం కొండెక్కి నడిచి వచ్చారు.

ఆ తర్వాత షాన్ చివరిదాకా ఆ చోటును వదల్లేదు. తెర లేచే ముందు వచ్చి ప్రేక్షకులతో మాట్లాడటం ఆయనకు అలవాటు. ఒకే సాయంత్రం బ్యాలే, మోడరన్, వేరే దేశాల నాట్యాలు కలిపి చూపించేవారు. 1962లో భరతనాట్య దిగ్గజం బాలసరస్వతి అక్కడ ఆడారు. కోరాడ నరసింహారావు దగ్గర కూచిపూడి నేర్చి, దాన్ని విదేశాలకు పరిచయం చేసిన ఇంద్రాణి రెహమాన్ కూడా ఆ వేదిక ఎక్కారు.

1972 జనవరి 9న, 80 ఏళ్ల వయసులో షాన్ కన్నుమూశారు. ఫెస్టివల్ మాత్రం ఆగలేదు. ఆయన పేరుతోనే ఉన్న ఆ థియేటర్ పైకప్పు మీద గాలివాటానికి తిరిగే ఓ లోహపు బొమ్మ ఉంటుంది. అది బార్టన్ ముమావ్ అనే డ్యాన్సర్ రూపం. ఆనాటి టీ పార్టీల బృందంలో ఆయనా ఒకరు.